వేడిని దాచుకునే వెండి మొక్క

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు మాఘ ఫాల్గుణాల్లో కట్టలు కట్టలుగా వచ్చే దవనానికీ, ఐరోపాలో ఆల్ప్స్ పర్వతాల నైరుతి కొసన రెండు వేల మీటర్లకు పైబడిన ఎత్తులో రాతి వాలుల మీద నేలను కరుచుకుని పెరిగే ఒక వెండి రంగు మొక్కకూ దగ్గరి చుట్టరికం ఉంది. రెండూ ఆర్టిమీసియా ప్రజాతికి చెందినవే. వినాయక చవితి నాడు ఏకవింశతి పత్రపూజలో అన్నిటికన్నా ముందు సమర్పించే మాచీపత్రం కూడా ఈ ప్రజాతిదే. ఐదు వందలకు అటూఇటూగా జాతులున్న ఈ పెద్ద సంసారం బంతి, చామంతి, పొద్దుతిరుగుడు ఉన్న కుటుంబంలో ఒక భాగం. దవనం నాలుగైదు నెలల్లో మొలిచి, పెరిగి, కోతకు వచ్చే పొలం పంట. ఆల్ప్స్ మొక్క మాత్రం ఏళ్ల తరబడి బతికినా జానెడు ఎత్తు దాటడం అరుదు. ఈ తేడాకు చలే కారణమని చెప్పి ఊరుకుంటే విషయం సగమే అర్థమవుతుంది. ఆ మొక్క రూపమంతా వేడిని, నీటిని పొదుపు చేసుకునే ఏర్పాటు. దానికున్న విలువ, దానికి వచ్చిన ముప్పు, దాన్ని మైదానంలో పెంచలేకపోవడం, ఇవన్నీ ఆ పొదుపులోంచే పుట్టుకొచ్చాయి.

ఆ మొక్క శాస్త్రీయ నామం ఆర్టిమీసియా గ్లేసియాలిస్. ఈ పేరుతో దాన్ని 1763లో నమోదు చేసినవాడు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల సరిహద్దులు కలిసే ఆ కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. నేలకు ఆనుకుని చిన్న చిన్న రెమ్మలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ గుబురు కడతాయి. ఆ గుబురు పైభాగం గుండ్రంగా, దిండులా ఉబ్బి ఉంటుంది. ఆకులు చేతివేళ్లలాగా సన్నగా చీలి, పట్టులాంటి నూగుతో పూర్తిగా కప్పబడి ఉంటాయి. జూలై, ఆగస్టు నెలల్లో గుబురు మీదుగా పొట్టి కాడలు లేచి, వాటి కొసన పసుపుపచ్చని చిన్న పూలు ఒకచోట గుమికూడతాయి. చామంతికి ఉండే రెక్కల వంటివి ఈ పూలకు ఉండవు. ఈ ప్రజాతిలో ఎక్కువ జాతులు పరాగసంపర్కానికి పురుగుల మీద కాక గాలి మీద ఆధారపడతాయి. అందుకే పూలకు ఆర్భాటం తక్కువ. దీనికి తోబుట్టువుల్లాంటి జాతులు అదే కొండల్లో మరికొన్ని ఉన్నాయి: ఆర్టిమీసియా జెనిపి, ఆర్టిమీసియా అంబెల్లిఫార్మిస్ వాటిలో ముఖ్యమైనవి. స్పెయిన్ దక్షిణాన సియెరా నెవాడా కొండల్లో ఆర్టిమీసియా గ్రనటెన్సిస్ అనే మరో వెండి జాతి ఉంది. దాని ప్రసక్తి ముందు ముందు రెండుసార్లు వస్తుంది.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే, సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్ కంటే మూడు వేల మీటర్ల దగ్గర గాలి కేవలం ఎత్తు వల్లనే పదహారు డిగ్రీలు చల్లగా ఉండాలి. అక్షాంశం వల్ల వచ్చే చలి దీనికి అదనం. కానీ ఈ లెక్క గాలిది, మొక్కది కాదు. వాతావరణ కేంద్రాల ఉష్ణమాపకాలు నేలకు మనిషి ఛాతీ ఎత్తున ఉంటాయి. దిండు మొక్క నేలకు అయిదారు సెంటీమీటర్ల లోపలే బతుకుతుంది. మూడు వేల మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో డెబ్బై శాతమే. పలచని గాలి సూర్యకాంతిని తక్కువగా అడ్డుకుంటుంది కాబట్టి మబ్బులేని మధ్యాహ్నం ఎండ సూటిగా, తీవ్రంగా రాళ్ల మీద పడుతుంది. రాయి వేడెక్కుతుంది, రాతికి ఆనుకున్న పొర వేడెక్కుతుంది, రెండడుగుల పైన వీచే గాలి మాత్రం చల్లగానే ఉంటుంది. అంటే ఒకే చోట రెండు వాతావరణాలు ఉన్నాయి. నిటారుగా పెరిగే మొక్క చల్లని గాలిలోకి తల పెడుతుంది, నేలను కరుచుకున్నది వెచ్చని పొరలోనే ఉండిపోతుంది. ఎత్తైన కొండల మీద చెట్లు ఒక హద్దు దాటి పెరగలేకపోవడానికీ, ఆ హద్దు పైన పొట్టి మొక్కలే మిగలడానికీ ప్రధాన కారణం ఇదే.

దిండు ఆకారం ఈ వెచ్చని పొరను ఇంకా మందం చేస్తుంది. రెమ్మలు సందు లేకుండా ఒత్తుగా ఉండటంతో గాలి గుబురు లోపలికి చొరబడదు, పైనుంచి జారిపోతుంది. లోపలి గాలి కదలదు. ఎండ కాసే పగటిపూట దిండు మొక్కల ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే పది నుంచి ఇరవై డిగ్రీలు ఎక్కువగా ఉండటాన్ని పర్వత వృక్షశాస్త్రవేత్తలు చాలా చోట్ల కొలిచారు. గాలి ఐదు డిగ్రీల దగ్గర వణికిస్తున్నప్పుడు ఆకు ఇరవై డిగ్రీల దగ్గర హాయిగా పిండిపదార్థం తయారు చేసుకుంటుందన్న మాట. ఏడాదిలో రెండు మూడు నెలలకు మించి మంచు తొలగని చోట, ఈ అదనపు డిగ్రీలే మొక్కకు అసలైన ఆస్తి.

గుబురు లోపల జరిగే పని పైకి కనిపించదు కానీ అదే మరింత ఆసక్తికరం. మైదానపు మొక్కలు ఎండిన ఆకును రాల్చేస్తాయి, గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. దిండు మొక్క పాత ఆకులు గుబురు లోపలే ఉండిపోయి, అక్కడే నెమ్మదిగా కుళ్లి, నల్లటి మట్టిగా మారతాయి. మట్టే లేని రాతి వాలు మీద మొక్క తనకు కావలసిన మట్టిని తానే తయారు చేసుకుంటుంది. ఆ మట్టి వాననీటిని, కరిగిన మంచునీటిని పీల్చి పట్టుకుంటుంది. రెమ్మలు అందులోకి కొత్త వేళ్లు వదులుతాయి. తల్లి వేరు మాత్రం రాళ్ల సందుల్లోంచి లోతుగా దిగి మొక్కను జారుడు వాలు మీద నిలబెడుతుంది. ఈ జీవన విధానం ఒక్క ఆర్టిమీసియాది కాదు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1,300 జాతులు, ఒకదానితో ఒకటి చుట్టరికం లేని అరవైకి పైగా కుటుంబాల నుంచి, ఇదే ఆకారానికి విడివిడిగా చేరుకున్నాయి. పరిణామంలో ఇన్నిసార్లు, ఇంత దూరదూరాన తిరిగి తిరిగి పుట్టిన రూపం కాకతాళీయం కావడానికి వీల్లేదు.

ఇక వెండి రంగు. దీన్ని చాలామంది చలికోటుగా వర్ణిస్తారు. ఆ వర్ణన అంత నిలబడేది కాదు.

దవనం రెమ్మను చేతిలోకి తీసుకుని భూతద్దం కింద పెడితే ఆకు మీద బూడిద రంగు నూగు కనిపిస్తుంది. ఆల్ప్స్ మొక్క మీద అదే నూగు ఇంకా చాలా ఒత్తుగా ఉంటుందని ఊహించుకోవచ్చు. ఆర్టిమీసియా నూగు వెంట్రుకలు ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఉంటాయి: పొట్టి కాడ, దాని మీద అడ్డంగా పడుకున్న పొడవాటి భుజాలు. ఆ భుజాలు పక్కపక్కన పరుచుకుని ఆకును నేతలా కప్పేస్తాయి. పెరిగాక ఈ వెంట్రుకల్లోని జీవకణాలు చనిపోయి, లోపల గాలి మాత్రమే మిగులుతుంది. పటికబెల్లం పలుకు అద్దంలా ఉన్నా దాన్ని దంచితే తెల్లని పొడి అయినట్టే, రంగులేని ఈ వెంట్రుకలు గాలితో కలిసి కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొట్టడం వల్లనే ఆకు వెండిలా మెరుస్తుంది. అందులో వెండి రంగు పదార్థమేదీ లేదు. పరీక్ష చాలా సులువు: వెండి ఆకు మీద నీళ్లు పోసి వేలితో రుద్దితే, వెంట్రుకల సందుల్లోకి నీరు చేరి, గాలి బయటికి పోయి, కాంతి చెదరడం తగ్గి, అడుగున దాక్కున్న ఆకుపచ్చ బయటపడుతుంది. ఆరాక వెండి మళ్లీ వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. మెరుపు అంటే కాంతిని వెనక్కి పంపడం. కాంతిని వెనక్కి పంపడమంటే వేడిని వదులుకోవడం. వెచ్చదనం కోసం ఇంత పాటుపడే మొక్క అంత ఖరీదైన ఎండను ఎందుకు తిప్పికొడుతుంది? ఇతర మొక్కల మీద జరిగిన పరిశోధన దీనికి కొంత దారి చూపుతుంది. అమెరికా నైరుతి ఎడారుల్లో పెరిగే ఎన్సీలియా ఫారినోసా అనే పొద మీది తెల్లని నూగు ఎండను తిప్పికొట్టి ఆకును చల్లబరుస్తుందని 1970లలోనే తేలింది. దానికి పూర్తిగా వ్యతిరేకంగా, వెనిజువెలా ఆండీస్ పర్వతాల్లోని ఎస్పెలీషియా మొక్క మీది మందపాటి నూగు ఆకుకు ఆనుకుని కదలని గాలి పొరను నిలిపి ఆకును వెచ్చబరుస్తుందని 1980లలో చూపించారు. ఒకే రకం నూగు ఒకచోట చల్లార్చింది, మరోచోట కాచింది. ఫలితాన్ని నిర్ణయించేది నూగు ఒక్కటే కాదు. దాని మందం, గాలి వేగం, ఎండ కోణం, నీటి లభ్యత అన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

ఎత్తు కొండల ఆర్టిమీసియా జాతుల విషయంలో ఈ రెండు పనులూ వేరు వేరు గడియల్లో జరుగుతాయని భావించడమే సబబుగా కనిపిస్తుంది. గాలి వీచే వేళ దిండు వెచ్చదనాన్ని కాపాడుతుంది, నూగు దానికి తోడవుతుంది. గాలి పూర్తిగా ఆగిపోయిన మిట్టమధ్యాహ్నం అదే దిండు ప్రమాదంగా మారుతుంది. లోపలి వేడి బయటికి పోయే దారి లేక ఆకులు మాడే స్థితికి చేరవచ్చు, అప్పుడు మెరుపు పనికొస్తుంది. అంతకంటే కీలకమైన గడియ తెల్లవారుజాము తర్వాత వచ్చేది. రాత్రి గడ్డకట్టిన ఆకు ఇంకా చల్లగానే ఉండగా ఎండ ఒక్కసారిగా పూర్తి బలంతో పడుతుంది. చల్లని ఆకులో రసాయన చర్యలు మందకొడిగా సాగుతాయి. కాంతి మాత్రం ఆగదు. వాడుకోలేని కాంతి కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగాన్నే దెబ్బతీస్తుంది. ఎత్తున తీవ్రమయ్యే అతినీలలోహిత కిరణాలు దీనికి తోడు. అలాంటప్పుడు కొంత కాంతిని గడప దగ్గరే ఆపేయడం నష్టం కాదు. ఇవి కాక, నూగు వల్ల పత్రరంధ్రాల దగ్గరి తేమ గాలికి ఎగిరిపోవడం తగ్గుతుంది, మంచు బిందువులు నేరుగా ఆకు మీద పేరుకోవు. ఏదో ఒక్క పని కోసమే వెండి పుట్టిందని తేల్చేయడం తొందరపాటే అవుతుంది.

ఈ పొడి వెంట్రుకల మధ్యనే ఇంకో రకం వెంట్రుకలు దాక్కుని ఉంటాయి. అవి గ్రంథులు, రెండు వరుసల్లో పది కణాలతో కట్టిన అతి చిన్న తిత్తులు. దవనం వాసన, మాచిపత్రి ఘాటు, కొండ జాతుల భరించలేని చేదు అన్నీ ఈ తిత్తుల సరుకే. రెండు నెలల ఎండతో ఏడాది గడుపుకునే మొక్కకు ఒక్క ఆకు పోయినా నష్టం పెద్దది. కొండమేకల నోటికి, పురుగులకు రుచించకుండా ఉండటం దానికి ప్రాణావసరం. ఇదే ప్రజాతిలోని ఆర్టిమీసియా ఆన్యువా గ్రంథుల నుంచి వేరుచేసిన ఆర్టిమిసినిన్ మలేరియాకు ముఖ్యమైన మందయింది. దాన్ని వెలికితీసినందుకు చైనా శాస్త్రవేత్త తు యోయోకు 2015లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసిన చోటు బేగంపేట కావడం వల్ల, ఆ వ్యాధి చరిత్రలో ఒక అధ్యాయం హైదరాబాద్ నగరానిది, మరో అధ్యాయం దవనం చుట్టాలది అయింది. అయితే ఆ మందు గ్లేసియాలిస్‌లో దొరుకుతుందని అనుకోకూడదు. ఒక ప్రజాతిలోనే జాతి జాతికీ తిత్తుల్లోని సరుకు మారిపోతుంది.

ఇంత అందమైన మొక్కను కుండీలో పెంచుకోవాలన్న కోరిక సహజం. హైదరాబాద్‌లో అది సాధ్యపడదు. కారణం చాలామంది అనుకునే మే నెల ఎండ కాదు. పగటి వేడికి ఈ మొక్క నీడనిస్తే కొంతకాలం ఓర్చుకోగలదు. దాన్ని అసలు చంపేది రాత్రి. నగరంలో ఎండాకాలపు రాత్రులు ఇరవై ఐదు డిగ్రీల కిందికి దిగడమే కష్టం. గడ్డకట్టే రాత్రులకు అలవాటుపడిన మొక్క పగలు సంపాదించిన చక్కెరను రాత్రి శ్వాసక్రియలో తక్కువగా ఖర్చు చేస్తుంది. వెచ్చని రాత్రుల్లో ఆ ఖర్చు రాబడిని మించిపోయి, మొక్క నిల్వలు తిని కరిగిపోతుంది. ఆ తర్వాత జూన్ వస్తుంది. మంచు కింద పొడిగా నిద్రపోవడానికి ఏర్పడిన ఒత్తు గుబురులోకి వెచ్చని వాననీరు దిగితే అది వారంలోపే నల్లబడి కుళ్లుతుంది. గాలిని నిలిపి ఉంచే అదే కట్టుబాటు ఇప్పుడు తేమను నిలిపి ఉంచుతుంది, బూజుకు అంతకన్నా కావలసింది లేదు. చల్లని ఐరోపా మైదానాల్లో సైతం పర్వత మొక్కల ప్రియులు వీటిని సగం కంకర కలిపిన మట్టిలో, చలికాలపు వాన పడకుండా అద్దాల కప్పు కింద పెంచుతారంటే చలి కంటే తడి ఎంత పెద్ద శత్రువో అర్థమవుతుంది.

నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాల్లో, శివార్ల నర్సరీల్లో చలికాలంలో కనిపించే వెండి ఆకుల కుండీలు వేరే మొక్కవి. డస్టీ మిల్లర్ అని అమ్మే ఆ మొక్క మధ్యధరా తీరానిది, ఎత్తు కొండలది కాదు. అది కూడా వానాకాలంలో నిలవడం కష్టమే. నగరవాసులకు ఈ ప్రజాతి పరిచయం కావాలంటే వానలు తగ్గాక చల్లే దవనం గింజలే దారి. బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం పనిచేసేది ఇలాంటి సుగంధ పంటల మీదే.

ఆల్ప్స్ ప్రజలకు ఈ మొక్క అలంకారం కాదు, జీర్ణానికి మంచిదని పేరున్న చేదు మందు. గ్లేసియాలిస్, జెనిపి, అంబెల్లిఫార్మిస్ మూడింటినీ అక్కడ జెనెపి అనే ఒకే పేరుతో పిలుస్తారు, అదే పేరుతో లిక్కర్ చేస్తారు. ఫ్రాన్స్ వైపు ఇళ్లలో నడిచే కొలత గుర్తుంచుకోవడానికి తేలిక: నలభై పూకాడలు, నలభై చక్కెర బిళ్లలు, నలభై శాతం సారా, నలభై రోజుల నానబెట్టు. చేదుతో పాటు దిగే థూజోన్ అనే పదార్థం ఎక్కువైతే నరాలకు చెరుపు చేస్తుంది కాబట్టి, ఆర్టిమీసియాతో చేసే మద్యంలో అది కిలోకు 35 మిల్లీగ్రాములు దాటకూడదని ఐరోపా సమాఖ్య నియమం. ఇటలీలోని పీడ్‌మాంట్ జెనెపికి భౌగోళిక సూచిక రక్షణ కూడా ఉంది. మన బంగినపల్లి మామిడికి, పోచంపల్లి ఇక్కత్‌కు దక్కినది ఇలాంటి గుర్తింపే.

చిక్కు కోతలో వస్తుంది. దవనం రైతు మొక్కను కోసేశాక మళ్లీ గింజ చల్లుతాడు. మరుసటి ఏడు పొలం నిండుతుంది. కొండ మీది గుబురు అరచేయంత పెరగడానికే ఏళ్లు పడుతుంది. ఏటా రెండు మూడు నెలల పని దినాలతో, కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరిగే మొక్క దగ్గర తొందర అనేది ఉండదు. సైలీన్ అకాలిస్ అనే మరో దిండు మొక్క మూడు వందల ఏళ్లకు పైగా బతుకుతుందని లెక్కగట్టారంటే ఈ జీవన విధానం ఎంత నిదానమైనదో తెలుస్తుంది. పూకాడను మాత్రం కత్తెరతో కత్తిరిస్తే గుబురు బతుకుతుంది, ఆ ఏటి గింజలు మాత్రం పోతాయి. చేత్తో లాగితే పలచని మట్టిలోంచి రెమ్మ వేరుతో సహా ఊడివస్తుంది. ఊడిన చోట దిండు చీలి, గాలి లోపలికి దూరి, వెచ్చని పొర చెదిరిపోతుంది. ఒక రెమ్మ కోసం లాగినవాడికి తాను ఒక రెమ్మే తీశానన్న నమ్మకం ఉంటుంది. మొక్కకు పోయింది మాత్రం దాని ఇల్లు. అందుకే ఆల్ప్స్‌లో చాలా చోట్ల మనిషికి ఇంత అని కోతకు హద్దులు పెట్టారు.

హద్దులు ఆలస్యమైతే ఏమవుతుందో సియెరా నెవాడా చూపిస్తుంది. స్విస్ వృక్షశాస్త్రవేత్త ఎడ్మండ్ బుయాసియే 1837లో ఆ కొండలు తిరిగి వెలుగులోకి తెచ్చిన ఆర్టిమీసియా గ్రనటెన్సిస్‌ను స్థానికులు అంతకు ముందు నుంచే మన్సనియా రెయాల్, అంటే రాచ చామంతి పేరుతో, కడుపునొప్పి కషాయం కోసం కోసుకునేవారు. ఎత్తున దొరికే అరుదైన మూలిక కాబట్టి ధర పలికింది; ధర పలికింది కాబట్టి ఇంకా ఎత్తుకు ఎక్కి కోశారు. గింజ కట్టకముందే పూలన్నీ సంచుల్లోకి వెళ్లాయి. మిగిలిన కొద్దిపాటిని కొండమేకలు మేశాయి. మొక్కలకు మొక్కలే మాయమై, ఇవాళ అది స్పెయిన్‌లో అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. 1999లో ఆ కొండలు జాతీయ వనమయ్యాయి కానీ, అప్పటికే మొక్క మనిషి చేతికి అందని రాతి అరుగుల మీదికి చాలావరకు పరిమితమైపోయింది. ధర దానంతటదే కోతను తగ్గిస్తుందన్న వాదం ఇక్కడ పనిచేయలేదు. సరుకు అరుదైన కొద్దీ వెతికే ఓపిక పెరిగింది.

సాగు ఒక పరిష్కారమే. ఆర్టిమీసియా అంబెల్లిఫార్మిస్‌ను ఇటలీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ కొండ పొలాల్లో పంటగా వేస్తున్నారు. స్విట్జర్లాండ్‌లో థూజోన్ లేని రకాన్ని ఎంపిక చేసి సాగుకు తెచ్చారు. ఆ పొలాలు కూడా ఎత్తునే ఉండాలి. దిగువకు తెచ్చినకొద్దీ మొక్క బలహీనపడి తొందరగా ముసలిదవుతుంది. అయినా లిక్కర్ పరిశ్రమకు కావలసిన సరుకు పొలం నుంచి రావడం కొండకు పెద్ద ఊరట.

కోతను ఆపగలిగినా ఆపలేనిది ఉష్ణోగ్రత. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఆల్ప్స్ ప్రాంతం సుమారు రెండు డిగ్రీలు వేడెక్కింది. ఇది భూగోళ సగటుకు రెట్టింపుకు దగ్గర. వెచ్చదనం కోసం ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న మొక్కకు ఇది వరమే కదా అనిపించవచ్చు. కాదు. చలి దానికి శత్రువు కాదు, కాపలాదారు. చలి ఉన్నంతకాలం పొడవాటి గడ్డి, పొదలు పైకి రాలేవు. వెలుతురంతా పొట్టి మొక్కలదే. ఐరోపాలోని 302 పర్వత శిఖరాల వృక్షసంపదను పాత రికార్డులతో పోల్చి 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం, శిఖరాల మీదికి కొత్త జాతులు చేరే వేగం 1957-66 దశకంతో పోలిస్తే 2007-16 నాటికి ఐదు రెట్లయింది. ఈ సంఖ్య చూసి కొండలు పచ్చబడుతున్నాయని సంతోషించేవారూ ఉన్నారు. లెక్కకు జాతులు పెరుగుతాయి, నిజమే. కానీ వచ్చేవి మామూలుగా ఎక్కడైనా పెరిగేవి, నీడ కమ్మి పోయేవి అక్కడ తప్ప ఎక్కడా లేనివి. ఇందులో ఒక విచిత్రం ఉంది. దిండు మొక్కలు తాము తయారు చేసిన మట్టి మీద, తాము దాచిన తేమలో ఇతర మొక్కల గింజలను మొలవనిస్తాయి. కఠినమైన చోట ఇది ఆ కొండ మొత్తానికి మేలు చేస్తుంది. వాతావరణం మెత్తబడ్డాక, ఒళ్లో పెరిగినవే పైకి లేచి ఎండను కాజేస్తాయి.

హిమానీనదాల సంగతి మరీ సూటిగా ఉంటుంది. మంచు వెనక్కి జరిగాక బయటపడే పచ్చి రాతినేలే జెనెపి జాతులకు కొత్త చోటు. కొన్ని దశాబ్దాల్లో అది గడ్డి నేలగా మారిపోతుంది కాబట్టి వీటికి ఎప్పటికప్పుడు కొత్త రాతినేల కావాలి. హిమానీనదం పూర్తిగా కరిగిపోతే ఆ సరఫరా ఆగిపోతుంది. ఇటలీ ఆల్ప్స్‌లో హిమానీనదాల పాదాల దగ్గర 117 మొక్క జాతులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం, మంచు మాయమయ్యాక వాటిలో 22 శాతం స్థానికంగా కనుమరుగు కావచ్చని అంచనా వేసింది. ఆర్టిమీసియా జెనిపి ఆ జాబితాలో ఉంది.

హిమాలయాల్లో పరిస్థితి కొంత భిన్నం. లద్దాఖ్ నుంచి టిబెట్ దాకా కంకర వాలుల మీద పెరిగే ఆర్టిమీసియా మైనర్ అనే పొట్టి వెండి జాతి మూడు వేల మీటర్ల నుంచి ఐదు వేలకు పైదాకా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి ఏటా లేహ్ వెళ్లే యాత్రికుల బూట్ల కింద పడే బూడిద రంగు గుబుళ్లలో అది కూడా ఉండే ఉంటుంది. అదే లద్దాఖ్‌లో 6,150 మీటర్ల దగ్గర కొన్ని చిన్న దిండు మొక్కలు కొత్తగా స్థిరపడటాన్ని 2016లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అక్కడ వేడి తరుముతున్న మొక్కకు ఎక్కడానికి ఇంకా కొండ మిగిలి ఉంది, రాతినేలా మిగిలి ఉంది. సియెరా నెవాడాకు ఆ వెసులుబాటు లేదు. అక్కడి అత్యున్నత శిఖరం ములాసెన్ ఎత్తు 3,479 మీటర్లు; గ్రనటెన్సిస్ ఇప్పటికే 3,300 మీటర్ల దాకా ఎక్కి ఉంది. మిగిలింది రెండు వందల మీటర్ల లోపే. ఎత్తును ఉష్ణోగ్రతగా మార్చి చూస్తే అది ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ.